ఊరిని అడిగిన ప్రశ్నే మన సంఘాన్నీ అడగాల



వీరపునాయునిపల్లె మండలంలో గానీ, ఎర్రగుంట్ల, వేంపల్లె, జమ్మలమడుగు దిక్కు గానీ ఏ ఊరికి పోయినా మనోళ్ల ఇండ్లు యాడుంటాయో ఎవురూ చెప్పనక్కర్లేదు. ఊరు ఒక పక్క, మాలపల్లె ఒక పక్క, మాదిగపల్లె ఇంకో పక్క. మమ్మల్ని ఎందుకు దూరం పెట్టినారని ఊరిని అడగడం మనం నేర్చుకున్నాం. ఆ ప్రశ్న ఊరకే రాలేదు, నెత్తురు కార్చి సంపాదించుకున్నాం. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికినారు. చంపేటోడి గొడ్డలికి మాల, మాదిగ తేడా లేదు. చీరాల శిబిరంలో, చుండూరు పోరాటంలో మన నాయకులూ ఆ తేడా చూడలేదు. దళిత మహాసభ పుట్టింది ఆ బలంతోనే.

ఇప్పుడు అదే ప్రశ్నను మన పార్టీని, మన యూనియన్ని, మన చర్చిని, మన సంఘాన్ని, ఆఖరికి మన ఇంటిని కూడా అడగాల. అడిగితే ఐక్యత చెడిపోతాదని కొందరు భయపెడతారు. అడగకపోతేనే చెడిపోతాదని మా పత్రిక నమ్మకం.

ముందు ఒక మాట తేల్చుకుందాం. వివక్ష అంటే కొట్టడం, తిట్టడం, రెండు గ్లాసులు పెట్టడం మాత్రమే కాదు. సభకు జనాన్ని తోలుకు రమ్మన్నప్పుడు మనం కావాల, టికెట్టు ఇచ్చేటప్పుడు అక్కరలేదు. అది వివక్షే. రిజర్వుడు పంచాయతీలో సంతకం పెట్టేది మనోడు, పెత్తనం చేసేది ఇంకొకడు. అదీ వివక్షే. మన కడప జిల్లా ముఠా కక్షల్లో రెండు పక్కలా ముందర నిలబడింది ఎవురు? చచ్చిందీ జైలుకు పోయిందీ ఎక్కువ ఎవురి పిల్లోళ్లు? రాజీ అయినంక కాంట్రాక్టులు పంచుకున్నది ఎవురు? జెండా రంగు ఏదైనా లెక్క ఒకటే.

కార్మిక సంఘాలకు కులం లేదంటారు. 1928లో బొంబాయి బట్టల మిల్లుల సమ్మె సంగతి వినండి. ప్రొద్దుటూరు మగ్గాలు ఎరిగినోళ్లకు ఇది బాగా అర్థమవుతాది. నాడెలో దారం తెగితే నోటితో పీల్చి లాగాల. అంటరానోడి ఎంగిలి మాకు తగులుతాదని సవర్ణ కార్మికులు దళితుల్ని నేత ఖాతాలోకి రానియ్యలేదు. ఎక్కువ కూలి వచ్చేది ఆ ఖాతాలోనే. సమ్మె నాయకులు కూలి కోత మీద గొంతు చించుకున్నారు గానీ దీని మీద నోరు మెదపలేదు. నిలదీసింది బాబాసాహెబ్ అంబేద్కర్. యజమానితో కొట్లాడే సంఘం లోపల కూడా యజమాని చూపు ఉంటాదని ఆయన బయటపెట్టినాడు.

చర్చి సంగతీ అంతే. లండన్ మిషన్ వాళ్లు మన జిల్లాకు వచ్చిన కాలంలో ముందుగా కదిలినవి మాలపల్లెలే. బళ్లు వచ్చినాయి, జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి వచ్చింది. ఆ మేలు మరువరాదు. కానీ కులం కూడా మెల్లగా చర్చి లోపలికొచ్చి బల్ల మీద కూర్చుంది. కర్నూలు ప్రాంతంలో పుట్టి, కడప మేత్రాసనంలో గురువైన పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయినారు. దళితుల్లో ఆ పదవి అందుకున్న మొదటి మనిషి ఆయనే. సంతోషమే. కానీ వేలాది దళిత పల్లెల మీద నిలబడిన సభకు ఆ మొదటి మనిషి కనపడడానికి ఇన్ని తరాలు ఎందుకు పట్టింది?

చదువుకుంటే కులం పోతాదని ఇంకో మాట. రోహిత్ వేముల చదివింది హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో. 2016 జనవరి 17న అక్కడే ప్రాణం తీసుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ దేశంలో అట్లా చేసిన మొదటి నగరం అదే. అంటే ఏమిటి? మనోళ్లు విమానమెక్కి సముద్రాలు దాటితే కులం కూడా పక్క సీట్లో కూర్చొని పోయింది. డిగ్రీ ఉన్నోడికి కులపు చూపు పోదు, దాచిపెట్టే తెలివి వస్తాది.

ఇంక మన దగ్గరికి వద్దాం. మాదిగ ఇంట్లో కూడు తినని మాలోళ్లు లేరా? పిల్లను ఇయ్యమంటే కత్తులు తీసేటోళ్లు రెండు పల్లెల్లోనూ లేరా? మన కింద ఇంకొకరు ఉండాదని సంతోషపడే గుణం మనువు మనకిచ్చిన విషం. మెట్ల మీద మెట్టు కట్టి, ప్రతివోడి కాళ్ల కింద ఒకడిని పెట్టినాడు. పై మెట్టోడిని తిట్టేటప్పుడు మన కాలి కింద ఎవురున్నారో చూసుకోవాల. తెలంగాణలో డక్కలోళ్లు మాదిగల మీద ఆధారపడి బతికే కులం. వాళ్లను మాదిగపల్లె బయటే నిలబెట్టిన చరిత్ర ఉండాది. రెల్లి వాళ్ల చేత ఊరి మలం ఎత్తించినారు. సభల్లో వాళ్ల పేరు ఎన్నిసార్లు వింటాం?

ఆడోళ్ల సంగతి మరీ అన్యాయం. ధర్నాకు ముందు నడిచేది వాళ్లు, పోలీసు లాఠీ తినేది వాళ్లు, వచ్చినోళ్లకు వండిపెట్టేది వాళ్లు. వేదిక మీద కుర్చీలు మగోళ్లకు. ఇది మన ఒక్కరి జబ్బే కాదు. 1963 ఆగస్టు 28న అమెరికాలో నల్లవాళ్లు వాషింగ్టన్ మీదికి రెండు లక్షలకు పైగా జనంతో కదిలినారు. అంత గొప్ప ఊరేగింపులో కూడా ప్రధాన ఉపన్యాసకుల్లో ఒక్క స్త్రీకి చోటు ఇయ్యలేదు. విముక్తి కోసం లేచినోళ్లు కూడా తమ పక్కన ఉన్నోళ్లను మరిచిపోతారు. అందుకే ఎప్పటికప్పుడు గుర్తు చెయ్యాల.

వర్గీకరణ గురించి దాటవేయకుండా మాట్లాడుకుందాం. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మోగింది. 2000లో చట్టమైంది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పిచ్చింది. 2025లో మన రాష్ట్రం 59 కులాలను మూడు గుంపులు చేసి, రెల్లి గుంపుకు 1, మాదిగ గుంపుకు 6.5, మాల గుంపుకు 7.5 శాతం పెట్టింది. ఈ ముప్పై ఏండ్లలో ఎన్ని ఊర్లల్లో సంఘాలు రెండుగా చీలినాయో పాఠకులకు తెలుసు.

మా మాట ఇది. వెనకబడినోడు తన వాటా అడగడం ద్రోహం కాదు. అడిగినోడిని నోరు మూసుకోమని తెచ్చుకునే ఐక్యత ఐక్యత కాదు. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్తాం. వాటా వచ్చినంక పక్క పల్లెను శత్రువుగా చూడడం దొరలకు పండగ. ఉద్యోగాల్లో భాగాలు పంచుకోవచ్చు, భూమి కోసం, నీళ్ల కోసం, శ్మశానం కోసం చేసే పోరాటంలో భాగాల్లేవు. అందులోనూ సర్కారు కొలువులే తగ్గిపోతా ఉంటే, ఖాళీ గిన్నె పంచుకుని కొట్లాడితే ఎవురి కడుపు నిండుతాది?

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెడితే డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చెయ్యాల, 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యాల. అయితే ఆ చట్టం ఎస్సీ, ఎస్టీ కానోళ్ల మీదనే పని చేస్తాది. ఒక దళితుడు ఇంకో దళితుడిని అంటరానోడిగా చూస్తే అది పట్టదు. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టానికి ఆ అడ్డు లేదు, ఎవురు చేసినా నేరమే. కానీ మన ఇంటి మురికిని కడగడానికి పోలీసు రావాల్నా? మన చేతుల్లేవా?

ప్రతి ఊరి సంఘం ఈ పనులు మొదలుపెట్టాలని కోరుతున్నాం. ఒక నెల మీటింగు మాలపల్లెలో, మరుసటి నెల మాదిగపల్లెలో పెట్టండి. యాడ పెడితే ఆడనే వండుకుని అందరూ కలిసి తినండి. కమిటీలో సగం ఆడోళ్లు ఉండాల, పేరుకు కాదు, డబ్బు లెక్క వాళ్ల చేతిలో ఉండాల. మీటింగు అయినంక ముగ్గురు ముగ్గురే మాట్లాడినారా, ఊడ్చింది ఎవురు, ఊరక కూర్చున్నది ఎవురు అని లెక్క రాయండి. ఊరి బడికి పోయి చూడండి. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ముందు అవకాశం ఇయ్యాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. మీ బడిలో పొయ్యి కాడ ఎవురున్నారు? ఉంటే ఆమె చేతి కూడు అందరు పిల్లోళ్లూ తింటా ఉన్నారా?

బ్రహ్మంగారి నాటకం మన జిల్లాలో ఆడని ఊరు లేదు. మాదిగ కక్కయ్య రంగం మీదికి వస్తే ఊరంతా చప్పట్లు కొడతాది. తెల్లారితే అదే కులపోడిని గడప బయట నిలబెడతాది. చప్పట్లు మాకొద్దు, గడప తెరవమని ఊరిని అడుగుదాం. అడిగే ముందు మన గడపలన్నీ తెరుద్దాం. అప్పుడు ఏ దొరా మనల్ని, మీలో మీకే లేదు గదప్పా సమానత్వం అని ఎగతాళి చెయ్యలేడు.

జై భీమ్!