జీలుగు చెట్టు కింద

మా అన్నగారబ్బాయికి ఫ్రాన్సులో ఉద్యోగం. కిందటి మాఘమాసంలో వస్తూ వస్తూ ఒక తెల్ల ద్రాక్షసారా సీసా పట్టుకొచ్చాడు. మా ఆవిడ దానికేసి చూసిన చూపు ఇక్కడ రాయను.

"దీన్ని మస్కాదే అంటారు బాబాయ్! లువార్ నది సముద్రంలో కలిసేచోట, నాంత్ పట్నం చుట్టుపక్కల చేస్తారు" అన్నాడు. 1709 చలికాలంలో అక్కడి ద్రాక్షతోటలు గడ్డకట్టి చస్తే, చలికి ఓర్చే మెలోన్ అనే రకం విరివిగా నాటారట. తీపి దాదాపు ఉండదు. చాలామట్టుకు లేతగానే తాగేస్తారు. పక్కన పచ్చి ఆల్చిప్పలు ఉంటే మరేమీ అక్కర్లేదట.

ఆల్చిప్పలు ఎక్కణ్ణించి తెస్తాం? ఆ పూట మా ఇంట్లో గోదావరి చేపల పులుసు. ఒక ముద్ద తిని గుక్కెడు తాగానో లేదో, ఉత్త మంచినీళ్ళు తాగినట్టయింది. చింతపండు రుచి చూసిన నాలుకకు ఆ సారాలోని పులుపు ఇక ఎలా తెలుస్తుంది చెప్పండి!

"మన దగ్గర ఇలాంటిది లేదా?" అన్నాడు కుర్రాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడే తెల్లవారకముందు భద్రాచలం నుంచి చింతూరు దారి పట్టించాను. ఈ చింతూరు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, తరవాత ఖమ్మం జిల్లా, 2014లో మళ్ళీ ఆంధ్ర. అడవికి మాత్రం ఈ సంగతులేవీ తెలిసినట్టు లేదు.

నాకు పరిచయమున్న కోయ పెద్దాయన అప్పుడే చెట్టు దిగుతున్నాడు. జీలుగు గెల కొన రోజూ పలచగా చెక్కి కుండ కడతారు. చుక్కచుక్కగా పడే రసం మొదట తియ్యన. కుండలోనూ గాలిలోనూ ఉండే సూక్ష్మజీవులు వెంటనే పని మొదలుపెట్టి కొద్ది గంటల్లోనే దాన్ని కల్లు చేస్తాయి. మర్నాటికల్లా పులిసి వినిగరు దారి పడుతుంది. అందుకే మంచి కల్లు బస్తీకి చేరదు. బస్తీల్లో కల్లు పేరిట క్లోరల్ హైడ్రేటు, డయజిపాం కలిపి అమ్మి పట్టుబడ్డవాళ్ళ వార్తలు మీరూ చదివే ఉంటారు.

పెద్దాయన నాలుగు చుక్కలు నేలమీద వదిలి, మాకు ఆకు దొప్పల్లో పోశాడు. కాస్త తీపి, కాస్త పులుపు, నాలుకమీద సన్నటి చురుకు. పక్కన ఏం పెట్టాడనుకున్నారు? ఉప్పూ కారం రాసి, ఆకులో చుట్టి, నిప్పులమీద కాల్చిన చేప. పులుసు లేదు, మసాలా లేదు. ఉడికించిన అలసందలు గుప్పెడు. అంతే! మా వాడు మాట్లాడకుండా రెండో దొప్ప చాచాడు.

"తాతా, ఈ చెట్టు ఇంకా ఎన్నాళ్ళిస్తుంది?" అన్నాను.

"ఇదే ఆఖరు గెల సారూ."

జీలుగుకు పైనించి కిందికి ఒక్కొక్క గెలే వస్తుంది. అడుగు గెల అయిపోతే చెట్టు చచ్చిపోతుంది. కరువు రోజుల్లో మొద్దులోని మెత్తటి బెండు దంచి, పిండి తీసి జావ కాచుకునేవారు. పాపికొండల్లో తిరిగిన హైమెన్‌డార్ఫ్ దొర 1945లో కొండరెడ్లమీద వేసిన పుస్తకంలో ఈ చెట్టు సంగతి రాశాడు. మళ్ళీ గింజ మొలిచి గెల వెయ్యాలంటే పదేళ్ళు దాటాలి. పెద్దాయనకు డెబ్భై పైమాటే. మనవడు హాస్టల్లో చదువుతున్నాడు, చెట్టెక్కడు.

మా వాడు సంచీలోంచి సగం మిగిలిన మస్కాదే తీసి ఆయన దొప్పలో పోశాడు. పెద్దాయన పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని, మింగాడు.

"బాగుంది. ఈ చెట్టెన్నేళ్ళుంటుంది బాబూ?"

"చెట్టు కాదు తాతా, తీగ. యాభై ఏళ్ళు దాటి కాసేవి కూడా ఉన్నాయి."

ఆయన తలెత్తి జీలుగుకేసి చాలాసేపు చూశాడు. తరవాత మమ్మల్ని ఇంటివెనక్కి తీసుకెళ్ళి, కంపకట్టిన దడిలో మోకాలెత్తు జీలుగు మొక్కలు మూడింటిని చూపించాడు.