కయీను చెప్పని జవాబు

ఆరాధన ముగిశాక ‘బాగున్నారా?’ అని పలకరిస్తే ‘దేవుని కృపవల్ల బాగున్నానండీ’ అంటాడు. ఇంటికెళ్లాక కూరలో ఉప్పు తగ్గిందని కంచం విసిరేస్తాడు. ఎందుకింత కోపమని భార్య అడిగితే ‘నాకేం కోపం లేదు, మీరే రెచ్చగొడుతున్నారు’ అంటాడు. అబద్ధమాడుతున్నాడా? చాలాసార్లు కాదు. గుండెదడ, మెడ బిగుసుకుపోవడం అతనికి తెలుస్తాయి. అది భయమో, అవమానమో, దుఃఖమో మాత్రం తెలియదు.

బోస్టన్‌లో పనిచేసిన మానసిక వైద్యుడు పీటర్ సిఫ్నియోస్ 1970వ దశకంలో ఈ స్థితికి ‘అలెక్సిథైమియా’ అని పేరుపెట్టాడు. భావాలకు మాటలు లేకపోవడమని ఆ గ్రీకు మాటల అర్థం. ఇది జబ్బు కాదు, కొందరిలో ఎక్కువగా, కొందరిలో తక్కువగా ఉండే స్వభావం. ఇది ఉన్నవాళ్లంతా కోపిష్టులనీ కాదు. కానీ పేరు తెలియని బాధను మనసు ఎక్కడో ఒకచోట దించుకోవాలిగా! ఆఫీసులో పడ్డ మాట ఇంట్లో పిల్లల వీపు మీద తేలుతుంది. అత్త మీది కోపం దుత్త మీద అని మన పెద్దలన్నదాన్నే మనస్తత్వశాస్త్రం మనసు తనను కాపాడుకోవడానికి అడ్డుపెట్టుకునే డాళ్లలో ఒకటిగా చెబుతుంది. ఇంకో డాలు ఎదుటివాడి తప్పు. నాతాను చెప్పిన కథలో గొర్రెపిల్లను లాక్కున్న ధనికుడి మీద దావీదు ఎంతగా మండిపడ్డాడు (2 సమూ. 12)! ఊరియా రక్తాన్ని నెలల తరబడి లోపల దాచుకున్నవాడు మరి.

కయీనుకు కోపం వచ్చినప్పుడు దేవుడు మొదట శిక్షించలేదు, కారణమడిగాడు (ఆది 4:6). ఆయనకు తెలియక కాదు, కయీనుకు తెలియాలని. సిగ్గుగా ఉందనో, తమ్ముణ్ని చూస్తే అసూయగా ఉందనో ఒక్క మాట పలికి ఉంటే! ఆ ప్రశ్నకు అతని జవాబు బైబిలులో లేదు. రెండు వచనాల తర్వాత పొలంలో హేబెలు శవం ఉంది.

మన ప్రార్థన కూడికల్లో ఉద్యోగం, పెళ్లి, వీసా కోసం మనవులు చెప్పుకుంటాం. ‘నాకు భయంగా ఉంది’ అని నోరువిప్పే మగవాళ్లు అరుదు. చెబితే విశ్వాసం తక్కువంటామని జంకు. కోపిష్టి తల మీద చేతులుంచి ప్రార్థించి పంపేయడం తేలికే. పక్కన కూర్చుని ‘కంచం విసిరే ముందు ఒంట్లో ఎలా అనిపించింది? ఆ రోజు ఏం జరిగింది?’ అని అడగడానికి ఓపిక కావాలి. సైకాలజిస్టు అవసరమైతే ఆ మాట చెప్పడానికి కాపరి మొహమాటపడనక్కర్లేదు. చెయ్యి చేసుకునేదాకా వస్తే మాత్రం ముందు భార్యాపిల్లలు క్షేమంగా ఉండాలి, ప్రశ్నలు ఆ తర్వాతే.