రెండు గ్లాసులు పోయి రెండు అపార్టుమెంట్లు

"మాస్టారూ, మీదే ఊరండీ?"

కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్న ఊరి పేరు కోసం అడిగేది కాదు. ఊరు చెప్పగానే "ఊళ్ళో ఎటు పక్కండీ?" అని రెండోది వస్తుంది. అప్పటికీ తేలకపోతే "ఇంటిపేరు?" అని మూడోది. విజయవాడ శివార్లలో లేస్తున్న ఒక కొత్త అపార్టుమెంటు కింద, సిమెంటు బస్తాల పక్కన కుర్చీ వేసి నన్ను ఈ మూడు ప్రశ్నలూ అడిగారు. పొద్దున ఫోనులో ఖాళీగా ఉన్న రెండో అంతస్తు ఫ్లాటు, మూడో ప్రశ్నకి నేను జవాబు చెప్పేసరికి "నిన్ననే బుక్కయిపోయిందండీ" అయింది. మూడో అంతస్తుదో? "అది మా సారు బంధువులకండీ." నాలుగోది? "సారుతో మాట్లాడి ఫోను చేస్తామండీ." ఆ ఫోను ఇంతవరకూ రాలేదు.

నా జేబులో బ్యాంకు వాళ్ళు ఇచ్చిన లోను మంజూరు కాగితం ఉంది. బ్యాంకు నా జీతం కాగితాలు అడిగింది, పాన్ కార్డు అడిగింది, జామీను అడిగింది. ఊళ్ళో ఎటు పక్కో అడగలేదు.

మర్నాడు మా స్కూల్లోనే పనిచేసే ఒక మిత్రుడు అదే నంబరుకి ఫోను చేశాడు. అగ్రకులస్తుడే, మంచివాడే. రెండో అంతస్తు ఖాళీగానే ఉంది! అడ్వాన్సు ఎప్పుడిస్తారని కూడా అడిగారట. మిత్రుడు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి ఒక సలహా చెప్పాడు. "నా పేరున రాయించుకుందాం, తర్వాత నీ పేరుకి మార్చుకుందువుగాని. అంబేద్కర్ ఫోటో మాత్రం హాల్లో పెట్టకు, లోపలి గదిలో పెట్టుకో."

నిజం చెప్పొద్దూ, ఒక రాత్రంతా ఆ సలహా గురించి ఆలోచించాను. మా నాన్న పాలేరుతనం చేసి నన్ను చదివించాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. పేరు దాచుకోండ్రా అని పిల్లలకి ఒక్కనాడూ పాఠం చెప్పనివాణ్ణి, నా సొమ్ముతో నేను కొనే ఇంటికి నా పేరే దాచుకోవాలా? 1917లో బరోడాలో, కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్‌కి ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్సీ పేరు రాసి పార్సీల సత్రంలో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. పేరు దాస్తే దొరికే ఇల్లు ఎన్నాళ్ళుంటుందో ఆయన అనుభవించి చెప్పి నూరేళ్ళు దాటింది. మనం ఇంకా అదే సత్రం వెతుక్కుంటున్నాం.

ఇది చదివి మన కార్యకర్తల్లోనే కొందరు నవ్వుతారని నాకు తెలుసు. "పల్లెలో కూలీకి కాళ్ళు చాపుకునే చోటు లేదు, నీ ఫ్లాటు గొడవ మాకెందుకయ్యా మాస్టారూ?" అంటారు. అనండి. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ ఫ్లాటు ఎవరు కట్టారో చూడండి. పునాది తవ్వింది మనవాళ్ళు. స్లాబు రోజున కంకర గంపలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కింది మన ఆడవాళ్ళు. కట్టినన్నాళ్ళూ ఆ ఇసుక గుట్టల మధ్యే వండుకుని, ఆ గదుల్లోనే పిల్లల్ని పడుకోబెట్టింది మనవాళ్ళు. గృహప్రవేశం నాడు పంచగవ్యం చల్లి, ఆవును తోలి శుద్ధి చేస్తారు. (మూడో అంతస్తుకి ఆవు ఎక్కదు గనక సెల్లారులోనే తిప్పి సరిపెట్టుకుంటారు.) ఏ మైల కడుగుతున్నారు? మన చేతులు తగిలిన మైలే కదా! కట్టినంతకాలం అంటని గోడ, రంగు వెయ్యగానే అంటు పట్టుకుంటుంది. కూలీని సెల్లారు గదిలో వాచ్‌మన్‌గా ఉండనిచ్చేది వీళ్ళే, మాస్టారుకి రెండో అంతస్తు అమ్మనిదీ వీళ్ళే. ఒకటే గీత, రెండు చోట్ల గీశారు.

ఈ గీత ఎక్కణ్ణించి వచ్చింది? బెజవాడ దగ్గర కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాలవలు పారిన భూమి ఎవరి చేతుల్లో ఉందో డబ్బు వాళ్ళ చేతుల్లోకే వచ్చింది. ఆ వరి డబ్బు రైసుమిల్లయింది, సినిమా హాలయింది, హోటలయింది, కాలేజీ అయింది. ఇవాళ అపార్టుమెంటయింది. పొలం అమ్మినా కులం అమ్మలేదు వాళ్ళు. ఊళ్ళో మాలపల్లి, మాదిగగూడెం ఎక్కడుంటాయో మీకు నేను చెప్పాలా? వాన పడితే నీళ్ళు నిలిచే పల్లంలో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఏ పేటలు మునిగాయి? సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట. కూలీనాలీ జనం మొలలోతు నీళ్ళలో రోజులు గడిపారు. పల్లె ఊరి పల్లంలో ఉన్నట్టే పేట పట్నం పల్లంలో ఉంది.

వాస్తు అంటారా? ఈ బిల్డర్లందరి నోటా అదే మాట. తూర్పు ఫేసింగు, ఈశాన్యం, నైరుతి. వరాహమిహిరుడి బృహత్సంహితలో వర్ణానికో నేల రంగు ఉంది. తెల్లమన్ను బ్రాహ్మడికి, ఎర్రమన్ను క్షత్రియుడికి, పసుపుమన్ను వైశ్యుడికి, నల్లమన్ను శూద్రుడికి. మనకి ఏ రంగూ రాయలేదు, ఆ శాస్త్రంలో మనకి నేలే లేదు గనక. మరి డెల్టా అంతా నల్లమన్నే గదా! శాస్త్రం ప్రకారమైతే ఆ పెద్ద కులాల వాళ్ళు ఎంతమంది ఇక్కణ్ణించి సామాను సర్దుకోవాలి? మార్కెట్ రేటు దగ్గర శాస్త్రం మూసేస్తారు, మనం వచ్చినప్పుడు తెరుస్తారు.

ప్రభుత్వాల సంగతీ చెప్పుకోవాలి. అమరావతి కోసం భూములు సమీకరించినప్పుడు పట్టా రైతుకి ఎకరాకి వెయ్యి గజాల ఇంటి స్థలం తిరిగిస్తామని రాశారు. దళితుల చేతుల్లో ఉన్న అసైన్డు భూమికి ఎనిమిది వందలన్నారు. నేల ఒకటే, గజాలు వేరు. 2018 నవంబరులో అక్కడ హ్యాపీ నెస్ట్ అని ఫ్లాట్లు అమ్మకానికి పెడితే మొదటి విడత 300 ఒక్క రోజులో బుక్కయ్యాయి. కంప్యూటరు ముందు ముందుగా కూర్చున్నవాడిదే ఇల్లు. (వాళ్ళకీ ఏళ్ళ తరబడి ఇల్లు కట్టివ్వలేదు, అది వేరే కథ.) అదే రాజధానిలో తర్వాతి ప్రభుత్వం పేదలకి స్థలాలు ఇస్తామంటే గొడవ కోర్టుకెక్కింది. బీదవాళ్ళొస్తే జనాభా సమతుల్యత చెడుతుందని అభ్యంతరం పెట్టారని ఆనాటి పాలకులు ఊరూరా చెప్పారు. ఆ ప్రభుత్వానిదేమన్నా మన మీద ప్రేమా? సెంటు స్థలం, అంటే 48 గజాలు, చేతిలో పెట్టి ఓటు లెక్క చూసుకుంది. 2023 మే 26న వెంకటపాలెంలో 50,793 మందికి పట్టాలంటూ సభ పెట్టారు. ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ళ నిర్మాణం ఆపింది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ సెంట్లలో ఇల్లు లేవలేదు. ఒక పార్టీ మనల్ని రానివ్వనంటుంది, ఇంకో పార్టీ మనల్ని తీసుకొచ్చి నడిరోడ్డు మీద వదిలేస్తుంది.

ఇక అసలు విషయం. బిల్డరు ఇల్లు తన ఇష్టమొచ్చినవాడికి అమ్ముకుంటాడు, మనమేం చెయ్యగలం అని చదువుకున్న మనవాళ్ళే అంటున్నారు. తప్పు! 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం తీసి 4వ సెక్షన్ చదవండి. ఏ ప్రాంతంలోనైనా సరే ఇల్లు కట్టుకోవడం, సంపాదించుకోవడం, అందులో కాపురముండడం విషయంలో అంటరానితనం పాటిస్తే నేరం. 12వ సెక్షన్ ఇంకా గట్టిది. అలాంటి పని దళితుడి పట్ల జరిగితే, కాదని రుజువయ్యేదాకా కోర్టు దాన్ని అంటరానితనం వల్ల జరిగినట్టే భావించాలి. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, జుల్మానా 500 రూపాయలకి మించదు. 500కి ఇవాళ తాపీమేస్త్రి ఒక పూట కూడా రాడు, నిజమే. కానీ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన అట్రాసిటీ చట్టం సవరణ ఉంది. అందులో ఆర్థిక బహిష్కరణ అంటే ఏమిటో రాశారు. వ్యాపారం చెయ్యననడం, మామూలుగా అందరితో చేసే షరతుల మీద మనతో చెయ్యననడం. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళు. ఖాళీగా ఉన్న ఫ్లాటు మనకి బుక్కయిపోయిందని చెప్పడం ఇంకేమిటి?

అడ్డం లేదని నేననను. 2005లో గుజరాత్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, సొసైటీ తన సభ్యుల్ని తనవాళ్ళకే పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో వచ్చిన రెరా చట్టం చదరపు అడుగుల లెక్క చెబుతుంది గాని, కులం చూసి అమ్మననేవాణ్ణి ఏం చెయ్యాలో ఒక్క మాట చెప్పదు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, రంగు చూసి ఇల్లు అమ్మననడం కుదరదని చట్టం చేశారు. అక్కడ నల్లవాళ్ళ సంఘాలు ఊరుకోలేదు. ఒకే ఇంటికి నల్ల జంటని ఒకసారి, తెల్ల జంటని ఒకసారి పంపి, ఎవరికి ఏం చెప్పారో రాసుకుని కోర్టుకి వెళ్ళాయి. నా మిత్రుడు ఫోను చేసినప్పుడు తెలియకుండా మేం చేసిందీ అదే.

మన సంఘాలు హోటళ్ళలో రెండు గ్లాసుల మీద కొట్లాడాయి, బావుల మీద, గుడి మెట్ల మీద కొట్లాడాయి. అపార్టుమెంటు గేటు దగ్గర ఒక్క కేసన్నా పెట్టామా? పెట్టలేదు. ఎందుకంటే అక్కడ దెబ్బతిన్నవాడు ఉద్యోగస్తుడు. వాడు పరువుకి భయపడి ఎవరికీ చెప్పుకోడు. పల్లెకి తిరిగొచ్చి "రేటు కుదర్లేదు" అంటాడు. నేనూ మా ఆవిడతో మొదట ఆ మాటే అన్నాను.

ఇకమీదట కొత్త ఫ్లాటు చూడ్డానికి ఒంటరిగా వెళ్ళకండి. సాక్షిని వెంట తీసుకెళ్ళండి. ఏ తేదీన, ఏ అంతస్తు, ఎంత రేటు, ఏం అడిగారు, ఏం చెప్పారు, అక్కడే రాసుకోండి. ఊళ్ళో ఎటు పక్క అని అడిగితే ఆ మాట అక్షరం పొల్లు పోకుండా రాయండి. మన కులం వాడికి తెలుసుననడానికి ఆ ప్రశ్నే సాక్ష్యం. అదే రోజు ఇంకో కులం మిత్రుడి చేత ఫోను చేయించండి. నేను రాసుకున్న రెండు పేజీలు మండల కమిటీకి ఇచ్చాను. మీవి కూడా పట్టుకురండి, అన్నీ కలిపి స్టేషనుకి వెళ్దాం.