పత్రికయా? చర్చావేదికయా?

విద్యార్థుల భావవికాసానికి పత్రిక మేలా, చర్చావేదిక మేలా? అలీగఢ్ చరిత్రలో రెండింటికీ స్థానమున్నది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ‘తహజీబుల్ అఖ్లాఖ్’ పత్రికను స్థాపించి సంస్కరణ భావాలను ప్రజల ముందుంచారు. అక్కడి కళాశాలలో 1884లో సిడన్స్ యూనియన్ క్లబ్ వెలసి, విద్యార్థులకు వాదప్రతివాదాలు నేర్పింది.

పత్రికలో ఆలోచన నిలుస్తుంది. కాని పాఠకుడు వెంటనే బదులు చెప్పలేడు. వేదికపై మాటకు ఎదురుమాట ఉంటుంది. కాని గొంతు పెద్దదైనవానిదే గెలుపు కావచ్చు.

అయినను, ఏటికొక్కసారి వెలువడే సంచికలో కొద్దిమందికే చోటు. మిగిలినవారి మాట వినేదెవరు? ఒకదానికే వనరులుంటే చర్చావేదికనే ఎన్నుకోవాలి. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకేచోట కూర్చుని వాదించుకోవాలి. అక్కడ పదునెక్కిన ఆలోచనే రేపు వ్యాసమవుతుంది. కళాశాల కమిటీవారు వారానికొక గంట, ఒక గది కేటాయించగలరని మనవి.