పంట బీమా: ఏ ఊరికి ఏ లెక్క?

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016 ఖరీఫ్‌లో మొదలైంది. పథకం కేంద్రానిదే అయినా అమలయ్యే రాష్ట్రంలో ఏ పంటకు ఎక్కడ బీమా ఉంది, ఏ కంపెనీ చేస్తోంది, గడువు ఎప్పుడన్నది రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషనే చెబుతుంది. ప్రధాన పంటలకు గ్రామమో, పంచాయతీయో బీమా లెక్కకు యూనిట్. మిగతా వాటికి అంతకన్నా పెద్దది కావచ్చు. పంటకోత ప్రయోగాల్లో తేలిన యూనిట్ సగటు, హామీ దిగుబడి కన్నా తగ్గితేనే పరిహారం. ఊరంతా పండి ఒక్కడి చేనే ఎండితే ఈ లెక్కన చేతికేమీ రాదు. నమోదు వేళ ఈ సంగతి విడమరిచి చెప్పేవారు అరుదు. వడగళ్ల వాన నష్టాన్ని మాత్రం పొలం వారీగా చూస్తారు. నష్టం జరిగిన 72 గంటల్లోగా తెలియజేయాలి.

రైతు కట్టే ప్రీమియం బీమా మొత్తంలో ఖరీఫ్ ఆహారధాన్యాలు, నూనెగింజలకు 2 శాతం, రబీలో 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం మించదు. 2020 ఖరీఫ్ నుంచి చేరిక ఐచ్ఛికం. పథకం వెబ్‌సైట్‌లో జిల్లా, పంట ఎంచుకుంటే ప్రీమియం కనిపిస్తుంది. 14447కు ఫోన్ చేసీ అడగవచ్చు. అసలు నోటిఫికేషన్‌లో ఆ ఊరికి చెందిన పేజీని పంచాయతీ గోడకు అంటిస్తే రైతుకు సగం తిరుగుడు తప్పుతుంది.