ఉమ్రా ప్యాకేజీలో ‘ఇన్సూరెన్స్ షామిల్’ అంటే ఎంత షామిల్?

పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి మసీదుల దగ్గర జుమా రోజు పంచే ఉమ్రా పాంప్లెట్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. వీసా, టికెట్, హోటల్, మూడు పూటలా ఖానా, జియారత్‌లు, ఇన్సూరెన్స్, అన్నీ షామిల్. హోటల్ హరమ్‌కి ఎన్ని మీటర్ల దూరమో గుచ్చి గుచ్చి అడుగుతాం. వంట హైదరాబాదీ వాళ్ళదేనా అంటాం. జమ్‌జమ్ ఎన్ని లీటర్లు తెచ్చుకోనిస్తారో అడుగుతాం. ఇన్సూరెన్స్ అన్న మాట దగ్గర మాత్రం ఎవరమూ ఆగం. షామిల్ అన్నాడు కదా, బస్, అయిపోయింది.

నా ఖయాల్‌లో ఆగాల్సింది అక్కడే. ముసలి తల్లిదండ్రుల్ని సఫర్‌కి పంపే ఇంట్లో ఆ ఒక్క పదం వెనక ఏముందో చూసుకోవడం ఏజెంటు పని కాదు, ఔలాద్ జిమ్మేదారీ. మా అబ్బా, అమ్మీ వచ్చే నెల బయల్దేరుతున్నారు. అందుకని కొన్నాళ్ళుగా రాత్రిళ్ళు కూర్చుని పాలసీ కాగితాలు చదువుతున్నాను. నాలాగే ఫికర్‌లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఆ ‘షామిల్’ హకీకత్ చూద్దాం. ఉమ్రా వీసాతో వచ్చే ఇన్సూరెన్స్ సౌదీ సర్కారు తప్పనిసరి చేసినది. దాని పైసలు వీసా ఖర్చులోనే కలిసి ఉంటాయి. ఏజెంటు తన జేబులోంచి ఇచ్చే తోఫా కాదది. 2020లో అక్కడి హజ్, ఉమ్రా మంత్రిత్వ శాఖ తవునియా అనే బీమా సంస్థతో కలిసి దీన్ని మొదలుపెట్టింది. వైద్యానికి హద్దు లక్ష రియాళ్ళు. మన పైసల్లో ఇరవై లక్షలు దాటుతుంది. ఇది చిన్న మాట కాదు, దీనికి షుక్రియా చెప్పుకోవాల్సిందే.

కానీ దానికి కొన్ని షర్తులున్నాయి. అది ఎమర్జెన్సీ కోసం. తవాఫ్‌లో గుండె పట్టేసినా, మెట్ల మీద జారి తుంటి విరిగినా చూస్తారు. పదేళ్ళనాటి మోకాళ్ళ నొప్పికి, రోజూ వాడే మందులకి కాదు. రెండోది, అది సౌదీ గడ్డ మీదే చెల్లుతుంది. చౌక టికెట్లు చాలావరకు షార్జా, మస్కట్ లాంటి చోట్ల విమానం మారేవి. అక్కడి ఎయిర్‌పోర్టులో ఆరు గంటలు కూర్చున్నప్పుడు తబీయత్ బిగడాయిస్తే ఆ లక్ష రియాళ్ళు ఎందుకూ పనికిరావు. మూడోది, అది మరీజు కోసం రాసిన కాగితం. మరీజు పక్కన కూర్చోవడానికి ఇంటి నుంచి కొడుకో కూతురో ఎగిరి వెళ్ళాల్సి వస్తే ఆ టికెట్‌కి, హోటల్‌కి వేరే దారి వెతుక్కోవాలి.

ఇప్పుడు మన ఇలాఖా నుంచి ఎవరు వెళ్తున్నారో చూడండి. ఉద్యోగం నుంచి దిగిపోయాక చేతికొచ్చిన పీఎఫ్ పైసలతో, జీవితంలో ఒక్కసారైనా కాబా చూడాలన్న అర్మాన్‌తో వెళ్ళేవాళ్ళు. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి, పాశమైలారం షెడ్లలో ముప్పై ఏళ్ళు రియాక్టర్ల పక్కన, బాయిలర్ల పక్కన నిలబడినవాళ్ళు. ఊపిరితిత్తులు, చర్మం, చెవులు, అన్నీ ఎంతో కొంత ఫ్యాక్టరీకే ఇచ్చేసి వచ్చినవాళ్ళు. మా అబ్బాకి అరవై ఏడు. షుగర్ ఉంది, చలికాలం ఆయాసం ఉంది. అమ్మీకి అరవై ఒకటి, బీపీ, మోకాళ్ళు. మా గల్లీలో ఇలాంటి జంట ఇంటికొకటి ఉంది.

వీళ్ళకి ఇన్నాళ్ళూ భరోసా రెండు కార్డులు. ఒకటి ఈఎస్ఐ. నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్ళకి వర్తిస్తుంది. కనీసం ఐదేళ్ళు ఈఎస్ఐ కింద పనిచేసి వయసు మీద పడి రిటైరైనవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ ఆ వైద్యం కొనసాగించుకోవచ్చు. ఈ సంగతి తెలియక వదిలేసుకున్నవాళ్ళు మన మధ్యే చాలామంది ఉన్నారు. రెండోది ఆరోగ్యశ్రీ, 2023 డిసెంబర్ నుంచి పది లక్షల దాకా. ఈ రెండూ మంచివే, కానీ శంషాబాద్‌లో విమానం ఎక్కగానే రెండూ కాగితం ముక్కలే. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రి మనతో పాటు మదీనా రాదు.

అందుకే వీసాతో వచ్చినదానికి తోడు ఇక్కడి నుంచి ఒక ట్రావెల్ పాలసీ తీసుకోవాలని నా రాయ్. అయితే దాన్ని కూడా ‘యాభై వేల డాలర్లు’, ‘లక్ష డాలర్లు’ అని పైన రాసిన పెద్ద అంకె చూసి కొనకూడదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చూసి కొనాలి.

మొదట అడగాల్సింది, పాత జబ్బుల మాటేమిటి అని. చాలా పాలసీల్లో ముందు నుంచి ఉన్న జబ్బుకి కవర్ ఉండదు. కొన్నింటిలో ప్రాణం మీదికి వస్తే మాత్రం ఇంత అని చిన్న హద్దు పెట్టి ఇస్తారు. పైన యాభై వేల డాలర్లు రాసి ఉన్నా, షుగర్ మనిషికి అసలు అంకె ఆ చిన్న హద్దే. ఆ అంకె ఎక్కువున్న పాలసీకి నాలుగు పైసలు ఎక్కువైనా పెట్టండి. అరవై దాటినవాళ్ళకి గది కిరాయి, ఐసీయూ, సర్జన్ ఫీజు, ఒక్కోదానికి విడివిడిగా హద్దులు పెట్టే పాలసీలూ ఉన్నాయి. అది కూడా అడిగి తెలుసుకోండి.

దీనితో ముడిపడిన మాట ఇంకొకటి. ఫారంలో షుగర్ ఉందా అన్నచోట ‘లేదు’ అని రాయించే ఏజెంట్లున్నారు. ప్రీమియం తగ్గుతుందని, పని జల్దీ అవుతుందని. ఇబాదత్‌కి పోయే సఫర్‌ని ఝూట్‌తో మొదలుపెట్టడం ఒక ఐబ్ అయితే, రేపు క్లెయిమ్ వచ్చిన రోజు కంపెనీ ముందుగా తీసేది అదే కాగితం. ఇక్కడి డాక్టర్ చీటీలో పదేళ్ళ షుగర్ కనబడుతుంటే ఫారంలో లేదని రాసిన మనిషికి ఎవరిస్తారు పైసలు? మందుల చీటీ పక్కన పెట్టుకుని నిజం రాయండి.

రెండోది, బతికి ఉన్న మరీజుని స్ట్రెచర్ మీద, డాక్టర్ తోడుతో ఇంటికి చేర్చే కవర్. పక్షవాతం వచ్చిన మనిషిని మామూలు సీటులో కూర్చోబెట్టి తేలేం. విమానంలో స్ట్రెచర్ అంటే చాలా సీట్ల పైసలు కట్టాలి. మూడోది, ఇంటి మనిషి ఒకరు అక్కడికి వెళ్ళి ఉండే ఖర్చు. ఈ రెండూ మనవాళ్ళకి తప్పనిసరి.

ఏవి వదిలేయొచ్చు? మయ్యత్‌ని ఇండియాకి తెచ్చే కవర్‌ని పాలసీ అమ్మేవాళ్ళు గొప్పగా చెప్తారు. మనలో ఎంతమంది అడుగుతాం దాన్ని? హరమైన్‌లో మౌత్ వస్తే అక్కడే దఫన్ కావాలనే కదా మన పెద్దవాళ్ళ తమన్నా. దాని కోసం ఖరీదైన పాలసీ ఎంచుకోనక్కర్లేదు. సామాను పోతే ఇచ్చేదీ అంతే. ఆ బ్యాగులో ఉన్నది రెండు జతల బట్టలు, ఊరగాయ డబ్బా.

నాలుగోది హాద్సా. వైద్యం ఖర్చు వేరు, ప్రమాదంలో మనిషి పోతేనో అవయవం పోతేనో ఇంటికొచ్చే రఖం వేరు. పాలసీలో రెండూ విడివిడిగా రాసి ఉంటాయి. 2025 నవంబర్ 17 తెల్లవారకముందే మక్కా నుంచి మదీనా వెళ్తున్న బస్సు డీజిల్ ట్యాంకర్‌ని ఢీకొని కాలిపోయింది. నలభై మందికి పైగా జాయిరీన్ పోయారు, ఎక్కువమంది హైదరాబాద్ వాళ్ళే. ఒకే ఖాందాన్‌లో మూడు తరాలవాళ్ళు ఆ బస్సులో ఉన్నారు. డీఎన్ఏ పరీక్షలతో ఎవరెవరో తేల్చి జన్నతుల్ బఖీలో దఫన్ చేశారు. మన రాష్ట్ర సర్కారు ఒక్కో కుటుంబానికి ఐదు లక్షలు ప్రకటించింది. అల్లాహ్ వాళ్ళ మగ్‌ఫిరత్ చేయుగాక.

ఆ ఖబర్ చదివినప్పటి నుంచి నన్ను వదలని సవాల్ ఒకటుంది. పాలసీలో అబ్బా నామినీగా అమ్మీ పేరు రాస్తాం, అమ్మీ నామినీగా అబ్బా పేరు. ఇద్దరూ ఎక్కేది ఒకే బస్సు. నామినీ కూడా పోతే ఆ రఖం కోసం వారిసులు సర్టిఫికెట్ల చుట్టూ, దఫ్తర్ల చుట్టూ తిరగాలి. కాబట్టి నామినీ ఇంటి దగ్గర ఉండిపోయే మనిషై ఉండాలి. నామినీ అంటే మాలిక్ కాదు, అమానత్‌దార్. ఆ పైసలు షరియత్ ప్రకారం వారిసులందరి హిస్సా. ఇది కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు 45 పైసలకి పది లక్షల బీమాకి టిక్ పెడతాం. తర్వాత వచ్చే లింకులో నామినీ పేరు నింపినవాళ్ళెందరు?

పేర్ల తక్లీఫ్ ఇంకొకటి. ఆధార్‌లో ఎండీ, పాస్‌పోర్టులో మొహమ్మద్, బ్యాంకులో మహ్మద్. ఆధార్‌లో బీ, పాస్‌పోర్టులో బేగం. పాలసీలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. నామినీ పేరు అతని బ్యాంకు ఖాతాలో ఉన్నట్టు ఉండాలి. కాగితాలు ఎంత అవసరమో మన ఇలాఖాకి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోయారు. బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన మజ్దూర్లు కూడా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళ కుటుంబాలు డీఎన్ఏ ఫలితాల కోసం పటాన్‌చెరు ఆస్పత్రి దగ్గర ఎలా పడిగాపులు పడ్డాయో మనం కళ్ళారా చూశాం.

ఇన్సూరెన్స్ జాయజేనా అని అడిగేవాళ్ళున్నారు, అడగాలి కూడా. 1985 డిసెంబర్‌లో జెద్దాలో కూర్చున్న అంతర్జాతీయ ఫిక్హ్ అకాడమీ వ్యాపార బీమాలో గరర్ ఉందని, అది హరామ్ అని, సహకార పద్ధతి బీమా జాయజ్ అని తేల్చింది. సౌదీ బీమా వ్యవస్థ ఆ సహకార పద్ధతి పేరు మీదే నడుస్తోంది. ఇక్కడ మన దేశంలో కొనే పాలసీలు అలాంటివి కావు. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. మీ ఆలిమ్‌ని అడగండి. మనసు ఒప్పకపోతే కొనకండి. కానీ అప్పుడు దాని బదులు ఒక ఇంతెజామ్ చేయండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి కొంత రఖం వేరే ఖాతాలో పెట్టి, ఇద్దరు వాపస్ వచ్చేదాకా ముట్టకండి. అదీ చేయక, ఇదీ కొనక, తవక్కల్ అని ఊరుకోవడం తవక్కల్ కాదు, ఖర్చు తప్పించుకునే బహానా. ఒంటెను కట్టేసి భరోసా పెట్టుకోమన్న మాట ప్రతి తక్రీర్‌లో వింటాం. తాడు గట్టిదో కాదో చూసుకోవాల్సింది మనమే.

ఇంత చదివినా ఏ పాలసీలోనూ దొరకనిది ఒకటుంది. ఏజెంటు పైసలు తీసుకుని ఫోన్ ఆఫ్ చేసుకుంటే? టికెట్ ఉందన్నది అబద్ధమని ఎయిర్‌పోర్టులో తేలితే? మామూలు ట్రావెల్ పాలసీలు దాన్ని కవర్ చేయవు. మన దిక్కు ప్రతి ఏడూ పేదవాళ్ళ కన్నీళ్ళకి కారణం గుండెపోటుకన్నా ఇదే ఎక్కువ. దీనికి బీమా ఒకటే. మొత్తం రఖం ఒక్కసారి నగదుగా ఇవ్వకండి, రసీదు తీసుకోండి, టికెట్ పీఎన్ఆర్ తీసుకుని ఎయిర్‌లైన్ దగ్గర మీరే చూసుకోండి, వీసా కాపీ చేతికొచ్చాకే ఆఖరి కిస్తు కట్టండి. ఎవరి సిఫారసుతో వచ్చినా సరే, ఎంత పెద్ద గడ్డం ఉన్నా సరే.

మా ఇంట్లో తీసుకున్న ఫైస్లా ఇది. వీసాతో వచ్చేది ఎలాగూ ఉంది. దానికి తోడు పాత జబ్బులకి హద్దు ఎక్కువున్న ఒక పాలసీ, ఇంటి మనిషి వెళ్ళే ఖర్చుతో సహా. ఇద్దరికీ కలిపి ప్యాకేజీ ఖర్చులో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. సామాను కవర్ వద్దన్నాం. నామినీ మా చిన్న చెల్లెలు, తను ఇక్కడే ఉంటుంది. పాలసీ నంబరు, హెల్ప్‌లైన్ నంబరు, వాడే మందుల పేర్లు ఒక చిన్న కార్డు మీద ఇంగ్లీషులో, అరబీలో రాయించి రెండు నకళ్ళు చేయించాను. ఒకటి అబ్బా ఇహ్రామ్ బెల్టులో, ఇంకోటి అమ్మీ మెడ సంచిలో. ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే, వీలైనంత త్వరగా ఆ నంబరుకి ఫోన్ చేయాలని గ్రూపులో వెళ్తున్న ఒక నౌజవాన్‌కి కూడా చెప్పి పెట్టాను.

మీ ఇంట్లో ఎవరైనా బయల్దేరుతుంటే, ఈ ఆదివారం ఏజెంటు దగ్గర ఆ ‘షామిల్’ తాలూకు కాగితం అడిగి తీసుకోండి. చూపించలేకపోతే ఇంకో ఏజెంటుని చూసుకోండి.