బాట ప్రక్కని పిల్లలమఱ్ఱి

హైదరాబాదునుండి బెజవాడకు పోవు రాజమార్గమున దినదినమును వేలకొలది వాహనములు సూర్యాపేట మీదుగా సాగిపోవుచున్నవి. అందలి ప్రయాణికు లనేకులు ఇచట దిగుదురు, కాఫీ త్రాగుదురు, పిల్లలకు తినుబండారముల పొట్లములు కొనియిత్తురు, మరల ఎక్కి కూర్చుందురు. వారు కూర్చున్న ఫలహారశాలల బల్లలకు కొద్ది మైళ్ళ దూరముననే ఎనిమిదివందల యేండ్లనాటి దేవాలయములు నిలిచియున్నవని వారికి చెప్పువా రెవ్వరును లేరు. బాటసారికి తెలియకపోవుట వింత కాదు. ఈ పేటలోనే పుట్టి, ఈ పేటలోనే చదివి, ఇచటనే వర్తకమో వకాలత్తో చేసికొనుచున్న మనవారిలో ఎందఱు పిల్లలమఱ్ఱిని కన్నులార చూచిరి? పఠనమందిరమున కూర్చుండి ఈ పుట తిరుగవేయుచున్న మహాశయులు ఈ ప్రశ్నను ముందుగా తమకు తామే వేసికొందురు గాక. మేమును వేసికొంటిమి. సమాధానము చెప్పుకొనుటకు సిగ్గుగనే యున్నది.

పిల్లలమఱ్ఱి కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల యూరు. ఎఱకేశ్వరము, నామేశ్వరము, త్రికూటేశ్వరము, చెన్నకేశవాలయము అచటి ముఖ్యాలయములు. శాసనములు 1195, 1208వ సంవత్సరములనాటివి కలవు. ఎఱకేశ్వరాలయము బేతిరెడ్డి భార్యయైన ఎఱకసానమ్మ పేరిట వెలసినది. ఒక గృహిణి పేరు దేవుని పేరుతో కలిసి ఎనిమిది శతాబ్దములుగా ఒక పల్లెలో పలుకబడుచున్నది. స్త్రీల పేర్లు చరిత్రలో లేవని వగచువారు ఒకమారు పోయి చూడవలసిన చోటు గదా! నల్లరాతి స్తంభములను ఆనాటి శిల్పులు అద్దమువలె నునుపుచేసిరి. తట్టినచో స్వరము పలుకు స్తంభము లున్నవని ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధియే వానికి చేటు తెచ్చునేమో యని మా భయము. చూడవచ్చిన ప్రతివాడును జేబులోని నాణెమో, చేతిలోని తాళపుచెవియో తీసి కొట్టి చూచినచో రాయి యెన్నాళ్ళు నిలుచును? నామేశ్వరమున సముద్రమథనమును చూపు పురాతన చిత్రలేఖనపు జాడ మిగిలియున్నది. కాకతీయుల కాలపు వర్ణచిత్రములు మనకు దక్కినవి మిక్కిలి స్వల్పము, దక్కినవానిలో నిదియొకటి. శృంగార శాకుంతలము, జైమిని భారతము రచించిన పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని యింటిపేరు ఈ యూరిదేనని పెద్దలు చెప్పుదురు.

పాలంపేట రామప్పదేవాలయము 2021 జూలైలో ప్రపంచవారసత్వపు పట్టికకెక్కినపుడు తెలుగువారందఱును సంతసించిరి. సంతసింపవలసినదే. 1213లో దానిని కట్టించిన రేచర్ల రుద్రుడు ఎవరు? పిల్లలమఱ్ఱి రేచర్లవారి వంశనామమే ఆయనదియు. ఐదేండ్ల ముందు ఎఱకేశ్వరము లేచినది. ఐదేండ్ల పిమ్మట రామప్ప లేచినది. ఒకటి లోకమునకెల్ల తెలిసినది; రెండవది పక్క పేటవారికే తెలియదు. అక్కడి శిల్పము మిన్న యనువారుందురు. ఉండనిండు, మేము కాదనము. కాని మిన్న యైనదానికి మాత్రమే చూపునొసగి, తక్కిన దానికి వీపు చూపుట రసజ్ఞుల లక్షణము కాదు.

ఫణిగిరి సంగతి యింకను విపరీతము. జనగామ బాటను పోయి నాగారము మండలమున చూచినచో, పాము పడగవంటి గుట్టపై బౌద్ధుల స్తూపము, చైత్యములు, భిక్షువుల విహారములు కనబడును. నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖవారు 1941-44 నడుమ దీనిని గుర్తించి రక్షణలోనికి తెచ్చిరి. మరల త్రవ్వకములు జరుగుటకు ఈ శతాబ్దము రావలసివచ్చెను. ఇక్ష్వాకు రాజగు రుద్రపురుషదత్తుని పదునెనిమిదవ పాలనాసంవత్సరపు శాసన మొకటి, చక్కని తోరణశిల్పములు బయల్పడినవి. 2024లో 3,730 సీసపు నాణెములు ఒక్కచోటనే దొరికినవి. అంతకు ముందటి యేట, 2023లో, న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ వస్తుప్రదర్శనశాలవారు ప్రాచీన బౌద్ధశిల్పమును గూర్చి గొప్ప ప్రదర్శనము నెలకొల్పి, ఫణిగిరి తోరణపు దూలమును సముద్రములు దాటించి తీసికొనిపోయి నడిసభలో నిలిపిరి. ఆ ప్రదర్శనమునకు వారు పెట్టిన పేరు 'వృక్షము, సర్పము'. ఫణిగిరి పేరులోనే సర్పమున్నది! న్యూయార్కు పౌరులు టిక్కెట్టు కొని చూచినదానిని, సూర్యాపేట పౌరులు బస్సు టిక్కెట్టుతో చూడవచ్చును. చూచినవారెందఱు?

ప్రజలు కదలరని యనుటకు వీలులేదు. రెండేండ్ల కొకమారు మాఘమాసమున దురాజుపల్లి పెద్దగట్టుమీద లింగమంతుల స్వామి జాతర జరుగును. యాదవులు మొదలుకొని సకల కులములవారును లక్షలాదిగ తరలివత్తురు. ఐదు దినములు రాజమార్గమే దారి మార్చుకొనవలసివచ్చును. ఆ యాత్రకు ప్రచారశాఖ లేదు, గోడపత్రికలు లేవు. తాత చేయిపట్టుకొని తండ్రి పోయెను. తండ్రి భుజముమీద బిడ్డ పోవుచున్నాడు. అంత జనము వచ్చిన ఆ ఐదు దినములలో వారిలో పదవవంతు మందినైనను పిల్లలమఱ్ఱికి పోవు త్రోవ పట్టించుటకు మన పురప్రముఖులకు తోచలేదు. మిర్యాలగూడెమువారికి వాడపల్లి యున్నది. కృష్ణా మూసీలు కలిసిన చోట అగస్త్యేశ్వరుడును, లక్ష్మీనరసింహుడును ఉన్నారు. కోదాడవారికి మేళ్ళచెఱువు శంభులింగేశ్వరుడున్నాడు. ఈ స్థలములన్నిటిని కలిపి ఒక దినపు యాత్రగా, రెండు దినముల యాత్రగా ఏర్పఱచి చూపిన చిన్న పటమైనను మన బస్సు స్టాండులలో మా కంటబడలేదు.

దేవాలయము కొలుచుటకు గాని వేడుక చూచుటకు గాదు, పరదేశి పాదరక్షలతో వచ్చి చూచిపోవుటకు మన పల్లె యేమైన జంతుప్రదర్శనశాలయా యని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణను మేము తేలికగా త్రోసివేయజాలము. అందు న్యాయమున్నది. అయితే చూచువాడు లేని గుడికి కలుగు గతి వారెఱుగనిది కాదు. గోడలలో రావిమొక్క మొలచును. పిదప ఎవరో పుణ్యాత్ముడు సంకల్పించి, నల్లరాతి ద్వారబంధమునకు వెల్ల వేయించును. శిల్పపు ముక్కు విరిగినదని సిమెంటుతో అతికించును. పసుపుపచ్చని రంగు పూయించును. తెలుగునాట ఎన్ని గుళ్ళకు ఈ 'జీర్ణోద్ధారణము' జరుగలేదు! తెలిసిన చూపరులు పదుగురు నెలకొకమారు వచ్చిపోవుచోట ఆ సున్నపు బొక్కెన గుడిలోనికి రాజాలదు. భక్తుడును చూపరియు ఒక్కడే యగుట మన సంప్రదాయమునకు క్రొత్త గాదు. కాశికి పోయిన మన పెద్దలు దారిపొడవున చూడని వింత యున్నదా?

ఇక చేతిపనుల మాట. 2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడువఱకు సూర్యాపేటయు పోచంపల్లియు ఒక్క నల్లగొండ జిల్లా బిడ్డలే. 1951 ఏప్రిలు 18న వినోబాభావే యెదుట వెదిరె రామచంద్రారెడ్డి నూఱు ఎకరముల భూమి నిచ్చినది మొదలు ఆ యూరు భూదాన పోచంపల్లి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థవారు లోకమందలి ఉత్తమ పర్యాటకగ్రామములలో ఒకటిగా దానిని గుర్తించిరి. అచటికి పోవువారు ప్రధానముగా చూడబోవునది గుడియును గాదు, గోపురమును గాదు, మగ్గము. నేసిన పిదప రంగులద్దుట యితర ప్రాంతముల పని; నేయుటకు ముందే నూలును చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, పడుగునందును పేకయందును రూపము ముందుగనే దాచిపెట్టుట పోచంపల్లివారి పని. నేతలో ఒక్క పోగు జరిగినచో చిలుక మెడ వంకర పోవును.

ఈ పనిలో ఇంటి ఆడువారి పాలు ఎవరికి తెలియును? చిటికి కట్టుటకు ముందు నూలును ఆసు పోయవలెను. మేకులు నాటిన చట్రముమీద, ఒక్క చీరకు తొమ్మిదివేల మారులు చేయి అటు నిటు త్రిప్పవలెను. దినమునకు రెండు చీరల నూలు పోసినచో పదునెనిమిదివేలు. భుజములు పట్టుకొనిపోయి, కన్నులు మసకబారి, తల్లులు వయసుకు ముందే ముసలివారైరి. ఆలేరు దరి శారాజిపేటవాడైన చింతకింది మల్లేశము తన తల్లి బాధ చూడలేక ఆసుపోయు యంత్రమును 1999లో సాధించి, దానికి తల్లి పేరే పెట్టెను; 2017లో పద్మశ్రీ యందెను. పోచంపల్లికి పోయి చీర బేరమాడువారు ఈ తొమ్మిదివేల సంఖ్యను ఒక్క నిమిషము మనసున నిలుపుకొని బేరమాడుదురు గాక. పుట్టపాక తేలియా రుమాళ్ళ కథయు నిట్టిదే. ఆముదపుకాయల బూడిదలోను నూనెలోను నూలును నానవేసి, ఎఱుపు, నలుపు, తెలుపు రంగులతో నేసిన ఆ గుడ్డలు ఒకనాడు అరబ్బుదేశములకు ఓడలెక్కినవి. 2020లో దానికి భౌగోళికగుర్తింపు లభించినది.

అయితే గుర్తింపుపత్రము గోడకు వ్రేలాడినంతమాత్రమున నేతగానికి కూడు దొరకదు. మిల్లులలో అచ్చు వేసిన బట్ట పోచంపల్లి పేరుతో, పోచంపల్లి ధరలో పాతికవంతుకు బజారులందు అమ్ముడుపోవుచున్నది. కొనువాడు మోసపోవుచున్నాడు; నేసినవాడు పస్తుండుచున్నాడు. నిజమైనదానిని గుర్తించుట కష్టము గాదు. గుడ్డను తిరుగవేసి చూడుడు. చిటికిపనికి లోవైపు, వెలివైపు అను భేదము లేదు. రంగు రెండుప్రక్కల ఒక్కటే. రూపముల అంచులు కత్తితో కోసినట్లుండక, ఈకవలె మెల్లగా చెదరియుండును. అచ్చుగుడ్డకు అంచు పదునుగ నుండును, వెనుక వెలవెలబోవును. ఇంతమాత్రము తెలిసికొన్న మన గృహిణులు పదివేలమంది యున్నచో దొంగసరుకు అమ్మువాని కొట్టు సగము మూతపడును. పల్లెకు చూపరులు పోవలెననుటకు మేము చెప్పు ముఖ్యకారణ మిదియే: మగ్గము గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నవానిని ఒకమారు చూచినవాడు, పట్నపు కొట్టులో మరల మోసపోడు.

ఐరోపాఖండపు ఉత్తరమున బాల్టిక్ సముద్రతీరమున ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా అను మూడు చిన్న దేశములున్నవి. మూటి జనమును కలిపినను సుమారు అఱువదిలక్షలు. మన హైదరాబాదు నగరమునకు మించదు. 1918లో స్వతంత్రములై, 1940లో సోవియట్ పాలనలోనికి పోయి, 1991లో మరల స్వతంత్రములైనవి. ఏబదియేండ్ల పరపాలనలో వారు తమదని చెప్పుకొనుటకు మిగిలినవి పాట, నేత, పల్లె యిల్లు. లాత్వియావారు స్వతంత్రము వచ్చిన ఆఱేండ్లకే, 1924లో, రీగా నగరపు ప్రక్కన సరస్సు గట్టున ఒక ఆరుబయటి ప్రదర్శనశాల స్థాపించి, పల్లెలలోని రైతుల కొయ్యయిండ్లను విప్పితెచ్చి మరల నిలబెట్టిరి. రాజుల కోటలు గావు సుమా, రైతుల యిండ్లు! ఎస్తోనియాలో కిహ్ను అను చిన్న ద్వీపమున్నది. మగవారు సముద్రముమీదికి పోగా, ఆడువారు పొలము దున్ని, పాటలు నిలిపి, చారల పావడలను చేతితో నేసి కట్టుకొనుచు వచ్చిరి. చూపరులకొఱకు కట్టుట లేదు; తమకొఱకు కట్టుచున్నారు. చూడవచ్చినవారు చూచి పోవుచున్నారు. యునెస్కోవారు 2003లోనే దానిని గౌరవించిరి. అచటి పల్లెలలో వచ్చినవారికి పడకయు భోజనమును ఇచ్చువారు పెక్కుచోట్ల ఆ పొలపు యజమానులే. అతిథి రైతు యింటికి వచ్చును గాని, రైతు అతిథి భవనమునకు నౌకరుగా పోడు.

మన భయ మంతయు ఈ చోటనే యున్నది. గత శీతకాలమున మేము మిత్రులతో పిల్లలమఱ్ఱి పోయి, గుడి చూచి, ఒక యింటి యరుగుపై కూర్చుంటిమి. ఇంటి ముసలమ్మ లోనికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి, "గుడి సూడవచ్చిండ్రా బిడ్డా? ఎండల వడి వచ్చిండ్రు, ముందుగాల నీళ్ళు తాగుండ్రి" అని యిచ్చెను. మాలో నొకడు ఉత్సాహముతో, ముందు ముందు ఇచటికి జనము విరివిగా వత్తురు, హోటళ్ళు లేచును, ఊరు పట్నమగును అని చెప్పసాగెను. ఆమె కొంతసేపు విని, "అయితే ఈ జాగ మాకుంటదా, కొనుక్కపోతరా?" అని యడిగెను. మా మిత్రుడు మాటాడలేదు. మేమును మాటాడలేదు. ఆ ముసలమ్మ అడిగిన మాటను ఇంతవఱకు మేము చదివిన యే పర్యాటక ప్రణాళికయును అడుగలేదు.

పట్నపు ధనికుడు వచ్చి చెఱువు గట్టున పది యెకరములు కొని, కంచె కట్టి, గాజుల మేడ లేపి, 'పల్లె వాతావరణము' అని పేరుపెట్టి గదికి దినమునకు వేలు వసూలుచేసి, ఊరివారిని కావలివారిగను అంట్లు తోమువారిగను పెట్టుకొనుటకు గ్రామపర్యాటక మని పేరైనచో, ఆ పర్యాటకము మాకు వలదు. గుడి యట్లే యుండనిండు. వలసినది స్వల్పము. సూర్యాపేట బస్సు స్టాండునుండి ఆదివారములందు పిల్లలమఱ్ఱికి, ఫణిగిరికి పోయి సాయంకాలమునకు తిరిగివచ్చు బస్సు ఒకటి. శాసనమును చదివి చెప్పుటకు తర్ఫీదైన ఆ యూరి పడుచువారు నలుగురైదుగురు, వారికి నెలజీతము. ఆడువారు వాడదగిన శుభ్రమైన మఱుగుదొడ్డి, త్రాగునీరు. నాలుగిండ్ల అరుగులపై జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. వాని వెల ఆ యింటి యిల్లాలి చేతికే. చూపరుల నుండి వసూలగు సొమ్ములో గ్రామపంచాయతికి చెందవలసిన పాలు ఇంతయని వ్రాతపూర్వకముగ నిర్ణయము. ఫణిగిరి గుట్టపై దొరికినవానిలో పోయిరాదగినవి దేశములు పోయిరావచ్చును. కాని తక్కినవి గుట్ట క్రిందనే, ఆ యూరి పిల్లలు బడి విడిచినపిమ్మట పరుగెత్తి చూడగల చోటనే యుండవలెను. నాగార్జునకొండ లోయ నీట మునిగినపుడు శిల్పములను కొండమీదికి ఎక్కించి దాచుకొంటిమి. అచట గతి లేక చేసితిమి. ఇచట నీరు రాలేదు గదా.

మన పాఠశాలల పెద్దలకు ఒక మాట. ఏటేట పిల్లలను బస్సులెక్కించి దూరదేశపు ఉద్యానవనములకు, యంత్రపు ఉయ్యాలలకు తీసికొనిపోవుచున్నారు. మంచిదే, పిల్లలు ఊగవలెను. కాని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెములలోని ప్రతి పాఠశాలయు ఈ యేడు ఒక్క తరగతినైనను ఎఱకేశ్వరాలయమునకు తీసికొనిపోయి, స్తంభమును నాణెముతో కొట్టవద్దని చెప్పి, ఎఱకసానమ్మ పేరున్న శాసనమును చూపుదురు గాక. మాఘమాసపు పెద్దగట్టు జాతర మరల వచ్చులోపల, దురాజుపల్లినుండి పిల్లలమఱ్ఱికి త్రోవ చూపు పలకలను తెలుగున వ్రాయించి పాతించుట పురపాలకసంఘమువారికి భారము గాదు. అందుకు కావలసిన సొమ్ము చాలదందురా, పఠనమందిరపు సభ్యులు తలకొక రూపాయి చొప్పున వేసికొన్నను పలకకు సరిపోవును. మా రూపాయి మొదట తీసికొనుడు.